గడప దాటని సీసా

ఐరాల పేరు చెబితే మా రాజమండ్రిలో అందరూ తెల్లమొహం వేస్తారు. "కాణిపాకం పక్కనండీ" అంటే అప్పుడు "ఓహో, వినాయకుడు!" అని చెంపలు వేసుకుంటారు. మీలో చాలామంది ఆ కాణిపాకం వెళ్ళి, దర్శనం చేసుకుని, ప్రసాదం కొనుక్కుని, ఎక్కిన బస్సే మళ్ళీ ఎక్కి తిరిగొచ్చి ఉంటారు. ఇంకాస్త ముందుకు వెళ్తే ఏముందో చూసి ఉండరు. మొన్న ఫిబ్రవరి ఆఖరుదాకా నేనూ చూడలేదు.

ఆ ఊళ్ళో నా స్నేహితురాలు సుగుణ కాపురం చేసింది. మేమిద్దరం తిరుపతిలో ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉండి హోంసైన్సు చదువుకున్నాం. కేకుల ప్రాక్టికల్స్ రోజున మాకిచ్చే వెనిలా ఎసెన్సు సీసా మూత తీసి వాసన చూసి అది మూతి తిప్పేది. "ఇది యాడ వెనిలానే, దగ్గు మందు మాదిరి ఉండాది" అనేది. అసలు వెనిలా తీగకి కాస్తుందని, ఆ కాయని సారాయిలో నానబెడితే అసలు సారం దిగుతుందని పుస్తకంలో చదివినప్పటి నుంచీ దానికి అదే ధ్యాస.

పెళ్ళయి ఐరాల వెళ్ళాక, దేశమంతా వెనిలా పిచ్చి పట్టిన రోజులొచ్చాయి. కిలో కాయల ధర విని ఊరూరా రైతులు తీగలు తెచ్చి నాటుకున్నారు. ధర పడిపోగానే తిట్టుకుంటూ పీకి పారేశారు. సుగుణ మాత్రం పీకలేదు. బావి దగ్గర నీడలో, నీళ్ళు చిలకరించి చిలకరించి బతికించుకుంది. ఏటా కాసిని కాయలు కాస్తే వాటిని బ్రాందీలో నానేసి, తిరుపతి నుంచి మా వైపు వచ్చేవాళ్ళ చేత నాకో చిన్న సీసా పంపేది. నేను ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. మా వీధిలో పిల్లలకి నా కేకు అంటే ఆ వాసనే. చెంచాడు వేస్తే చాలు, పొయ్యి మీద పెట్టిన పావుగంటకి పక్కింటి వాళ్ళు కిటికీ తీసేవాళ్ళు.

తర్వాత ఒక ఏడు సీసా రాలేదు. ఫోన్ చేసి అడిగితే "తీగ ఎండిపోయిందే" అంది. అంతే. ఫోన్లు మానలేదు, నవ్వులు మానలేదు, నేను తిరుపతి వచ్చినప్పుడల్లా వచ్చి కలవడమూ మానలేదు. వెనిలా మాటెత్తితే మాత్రం కూరల గురించి మాట్లాడేది. రెండేళ్ళ కిందట గుండెపోటొచ్చి సుగుణే పోయింది. అప్పుడు నేను కాలు విరిగి మంచం మీద ఉన్నాను.

ఈ ఫిబ్రవరిలో సుగుణ భర్త మునిరత్నం ఫోన్ చేశాడు.

"విజయమ్మా, తీగ పూసింది. పూసినవి పూసినట్టే రాలిపోతా ఉండాయి. నాకు సేతగాలేదు. నువ్వొకసారి వస్తావా?"

"ఏ తీగ అన్నయ్యా?"

"ఇంకే తీగ? మీ వెనిలా తీగ."

"అది ఎప్పుడో ఎండిపోయిందిగా!"

"ఎండిపోయేదేంది, మోటరు షెడ్డెక్కి కూసోనుంటే!"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు పని తోచలేదు. సుగుణ నాతో అబద్ధం ఆడింది. ఎందుకు? పప్పుల డబ్బాల వెనక, అది పంపిన ఆఖరి సీసా ఖాళీగా ఉంది. తీసి మూత విప్పి చూస్తే, ముక్కు దగ్గర పెట్టుకుంటే గాని తెలియనంత వాసన మిగిలింది. నాకు సుగుణ కావాలి. అది దొరకదు కాబట్టి ఆ వాసనైనా కావాలి. ఆ సాయంత్రమే టికెట్టు తీయించుకున్నాను.

రైల్లో

నా ఎదురు సీట్లో పార్వతీపురం వైపు అమ్మాయి ఒకతి కూర్చుంది. శ్రీ సిటీలో బిస్కెట్ల కంపెనీలో పని, సెలవు అయిపోయి వెళ్తోంది. గూడూరులో దిగి బండి మారాలట. మాటల్లో వెనిలా సంగతి వచ్చింది.

"మా కాడ డ్రమ్ముల మీద వెనిలా అని రాసుంటాదండీ. కాయంటారేటి మీరు? అది సెట్టుకి కాస్తాదేటి?" అంది.

"తీగకి కాస్తుందమ్మా, చిక్కుడుకాయలా."

ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. "డ్యూటీ దిగి తలంటుకున్నా ఆ వాసన పోదండీ. ఇంటికెల్తే మాయమ్మ, 'బిస్కెట్టొచ్చింది' అంటాది" అంది. గూడూరులో దిగేటప్పుడు నాకు రెండు పాకెట్లు ఇచ్చి వెళ్ళింది. నేను పూతరేకులు ఇచ్చాను. బిస్కెట్టు బాగానే ఉంది. ఆ వాసన మాత్రం హాస్టల్లో మేము ముక్కు మూసుకున్న దగ్గు మందు వాసనే. తింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తిరుపతి

తిరుపతిలో దిగి కొండెక్కకుండా ఉండటం నా జీవితంలో ఇదే మొదలు. దానికి కారణం బ్రాందీ.

సంగతేమిటంటే, సుగుణ తీగకి పాత కాయలేవైనా దొరికితే అక్కడే సారం నానేసి తెచ్చుకోవాలని నా ఆశ. ఐరాల చిన్న ఊరు, దొరుకుతుందో లేదో అని తిరుపతిలోనే కొందామనుకున్నాను. ముందు బజారులో కేకు సామాన్ల కొట్టుకెళ్ళి, అసలు వెనిలా సారం ఉందా అని అడిగాను. కొట్టతను నలభై రూపాయల సీసా తీసి ముందు పెట్టాడు.

"ఇది కాదు బాబూ, అసలుది."

"అసలుది యాడ దొరుకుతాది మేడమ్? ఊరంతా దీంతోనే పుట్టినరోజులు చేసుకుంటా ఉండాది. ఎవురూ ఏడ్చిండేది నేను సూళ్ళేదు" అన్నాడు.

నవ్వి వచ్చేశాను. ఆన్‌లైన్‌లో గాజు గొట్టంలో రెండు కాయలు పెట్టి నాలుగు వందలు అడుగుతారు. నేను తెప్పించి చూశాను. పొయ్యిలో పెట్టే చితుకుల్లా ఉన్నాయి.

ఇక మందు కొట్టు. యాభై దాటిన ఆడదాన్ని, జడలో పూలతో, చేతిసంచీతో వెళ్ళి నిలబడ్డాను. నా ముందున్న మగవాళ్ళంతా రెండుగా చీలి దారిచ్చారు. లుంగీ కట్టుకున్న ఒకాయన "నువ్వు ముందు తీసుకో తల్లీ" అని వెనక్కి జరిగాడు. కొట్లో మనిషి సీసాని పేపర్లో చుడుతూ, "మోకాళ్ళకి రుద్దుకునేదానికా అమ్మా?" అని ఎంతో జాలిగా అడిగాడు. కేకుకి అంటే ఎవరు నమ్ముతారు? "అవును నాయనా, రెండు మోకాళ్ళకీ" అన్నాను. వెనక నుంచి ఎవరో "ఆవనూనె కూడా కలపాల" అని సలహా ఇచ్చారు.

అలా సంచీలో సీసా చేరాక గుర్తొచ్చింది, అలిపిరి దగ్గర సంచీలన్నీ వెతుకుతారని, కొండ మీదికి మందు తీసుకెళ్ళకూడదని. పారేద్దామా అంటే ప్రాణం ఒప్పలేదు. కాలేజీ రోడ్డులో నిలబడి కొండకేసి చూసి, స్వామీ ఈసారికి కిందనుంచే అని దండం పెట్టుకున్నాను. అదే రోడ్డు మీద సుగుణా నేనూ ఒక మసాలా దోసె తెప్పించుకుని, చెరి సగం తిని, చట్నీ మాత్రం నాలుగుసార్లు పోయించుకునేవాళ్ళం. ఇప్పుడు ఒక్కదాన్నే మొత్తం దోసె తిన్నాను. సగం దగ్గర ఆగి, చెయ్యి దానంతట అదే ప్లేటు అటువైపు జరిపింది.

పూతలపట్టు

చిత్తూరు బస్సెక్కి పూతలపట్టు కూడలిలో దిగాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఒక ముసలమ్మ ఉడికించిన చెనక్కాయలు అమ్ముతోంది, గ్లాసు పది రూపాయలు. మేం వేరుశనగ అంటాం అంటే, "ఏ పేరైనా పెట్టుకో తల్లీ, డబ్బులు మాత్రం పది" అంది.

మునిరత్నం మోపెడ్ మీద వచ్చాడు. నేను చూసి ఏళ్ళయింది. తెల్ల చొక్కా, దళసరి కళ్ళద్దాలు, బాగా చిక్కిపోయాడు. "వచ్చినావా అమ్మా" అన్నాడు. దారిలో చెరుకు గానుగ దగ్గర బండి ఆపి, పెనంలోంచి అప్పుడే తీసిన బెల్లం ముద్ద ఆకులో పెట్టించి ఇచ్చాడు. మా గోదావరి జిల్లాలో బెల్లం లేదా అంటే ఉంది. కానీ అలా వేలు కాలుతూ తిన్న బెల్లం వేరు.

"అన్నయ్యా, తీగ ఎండిపోయిందని సుగుణ ఎందుకు చెప్పింది?" అని ఉండబట్టలేక అక్కడే అడిగేశాను.

ఆయన బెల్లం ఆకు మడిచి మడిచి చిన్నది చేశాడు. "ఇంటికి పోదాం పా అమ్మా" అన్నాడు.

ఐరాల

ఇంట్లో మునిరత్నం, ఆయన అక్క మునెమ్మ, ఇద్దరే ఉంటారు. మునెమ్మకి చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింట్లోనే ఉండిపోయింది. గుమ్మం ముందు బిందెతో నీళ్ళు పెట్టి, నేను కాళ్ళు కడుక్కునేదాకా తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఒక కాలు గడపకి ఇవతల, ఒక కాలు అవతల పెట్టి, తెచ్చినవన్నీ అక్కడే ఆమె చేతిలో పెట్టడం మొదలుపెట్టాను. పూతరేకులు. జీడిపప్పు. ఆ తర్వాత పేపర్లో చుట్టిన బ్రాందీ. పేపరు జారింది.

"అబ్బా! దాన్ని బయట పెట్టు! గడప దాటించొద్దు తల్లీ!" అని మునెమ్మ ఒక్క అరుపు అరిచింది. పక్కింటి కుక్క లేచి మొరిగింది.

నేను లోపలి కాలు కూడా బయటికి లాగేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"వాడు కాణిపాకం సామి ముందర ప్రమాణం చేసినాడు" అంది మునెమ్మ గొంతు తగ్గించి. "మందు సేత్తో ముట్టను, నా గడప దాటనీను అని. ఆ సామి ముందర చెప్పి తప్పితే ఇంగేమన్నా ఉండాదా!"

ఆ వైపు సంగతి మీకు తెలియకపోతే చెప్తాను. ఎంత గట్టి మనిషైనా కాణిపాకంలో ప్రమాణం చెయ్యమంటే గుటకలు మింగుతాడు. అక్కడ అబద్ధం ఆడి బాగుపడినవాడు లేడని వాళ్ళ నమ్మకం. తాగుడు మానాలనుకున్నవాళ్ళని ఇంటి ఆడవాళ్ళు అక్కడికే తీసుకెళ్తారు. మా వైపు ఒట్టు అంటే నెత్తి మీద చెయ్యి వేసి, సాయంత్రానికి మర్చిపోతాం.

మునిరత్నం తన చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "పొలం గడప కాదు గదక్కా. షెడ్డులో పెట్టు" అన్నాడు. మునెమ్మ కొంగుతో సీసా మెడ పట్టుకుని, చెయ్యంత దూరంలో ఆడించుకుంటూ పొలానికి తీసుకెళ్ళింది, తోక పట్టుకుని ఎలుకని పారేసేవాళ్ళలా.

అన్నాలు పొద్దు గుంకకముందే పెట్టారు. రాగి సంగటి, వంకాయ పులుసు, చెనక్కాయల ఊరుబిండి అనే రోటి పచ్చడి. నేను సంగటిని మనసారా నములుతుంటే ఇద్దరూ మొదటిసారి నవ్వారు. "నమలకూడదమ్మా, పులుసులో అద్ది మింగేయాల. మా సుగుణ నీకు ఇదే నేర్పించలేదా?" అంది మునెమ్మ. సుగుణ హాస్టల్లో మా ఆవకాయ అన్నమే తింది పాపం. ఇంటి సంగటి మీద ఎంత బెంగ పెట్టుకుందో అప్పుడు నాకు తెలియలేదు.

బావి దగ్గర

తెల్లవారగానే పొలానికి వెళ్ళాం. నిజంగానే తీగ మోటరు షెడ్డు ఎక్కి కూర్చుంది. బొద్దుగా, పచ్చగా, కొబ్బరిచెట్టు నీడలో, పైన చిరుగుల పచ్చ వల. ఆకుల సందున లేత పసుపు పూలు. కింద మట్టి మీద నిన్నటివి, మొన్నటివి వాడి పడి ఉన్నాయి.

వెనిలా పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. అంతే దాని ఆయుష్షు. మన దేశంలో దానికి పురుగూ పుట్రా ఏదీ సాయం చెయ్యదు. పువ్వు మధ్యలో పుప్పొడికి అడ్డంగా సన్నటి పొర ఉంటుంది. ఈనెపుల్లతో ఆ పొర పైకెత్తి, బొటనవేలితో మెత్తగా ఒక నొక్కు నొక్కితే కాయ కడుతుంది. నొక్కకపోతే రాలిపోతుంది. మునిరత్నం తన వేళ్ళు చాపి చూపించాడు, ఒక్కొక్కటి ముల్లంగి దుంపంత ఉంది. "ముట్టుకుంటే విరిగిపోతాది. కండ్లు కూడా సరిగ్గా ఆనవు. రెండేండ్లుగా ఒక్క కాయ లేదు. ఆమె పోయింది, ఇదీ పోతా ఉండాది" అన్నాడు.

"మునెమ్మక్క చెయ్యొచ్చుగా?"

మునెమ్మ కొబ్బరిచెట్టు అవతలే ఆగిపోయింది, దగ్గరికి రాలేదు. సుగుణ ఈ పనిని పెళ్ళి అనేదట. ఇంటికొచ్చి, "ఈ పొద్దు నాలుగు పెండ్లిండ్లు చేసొచ్చినా" అని నవ్వేదట. తలంటుకుని, పసుపు రాసుకుని మరీ వచ్చేదట. సరదాకి మొదలెట్టింది, ఇంట్లో అది ఆచారమైపోయింది.

"మొగుడు లేనిదాన్ని, పెండ్లి పనికి నేనెట్ల సెయ్యి పెడతా తల్లీ? కాయ పుచ్చిపోతే?" అంది మునెమ్మ.

నాకు ఒళ్ళు మండింది. సుగుణ వింటే ఇంకా మండేది. నేను ఈనెపుల్ల తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక పువ్వు పొర ఎత్తి నొక్కాను. తర్వాత ఇంకోటి. కాలేజీలో సుగుణ పుస్తకం చూసి, బంతిపువ్వు రేకుల మీద నాకు నేర్పిన నొక్కు అది, అసలు వెనిలా పువ్వు మేమిద్దరం చూడకముందే. ఇక్కడ దాని తీగ మీద, అది లేకుండా చేస్తున్నాను.

"చేసినావా తల్లీ? నువ్వు పుణ్యస్త్రీవి, నీ సేతి మీద కాయ నిలబడతాది" అంది మునెమ్మ దూరం నుంచే.

"మా ఆయన పోయి ఆరేళ్ళయింది మునెమ్మక్కా. సుగుణ చెప్పలేదా?"

ఆమె నా బొట్టు వైపు, గాజుల వైపు, జడలో నిన్నటి మల్లెల వైపు చూసింది. "మరి ఇవన్నీ?"

"ఇష్టం కాబట్టి పెట్టుకుంటాను. రా ఇలా."

మునెమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొదటి పువ్వు విరిగిపోయింది. "అయ్యో, పోయిందే పాపం!" అని నోరు నొక్కుకుంది. రెండోదాని ముందు ఏదో గొణుక్కుంది, సుగుణతోనో దేవుడితోనో. ఈనెపుల్ల లోపలికి పెట్టి, పొర ఎత్తి, నొక్కింది. నాకన్నా నాజూకుగా నొక్కింది, పూలు కట్టే చెయ్యి కదా.

కాయ పట్టిందో లేదో మర్నాడు తెలుస్తుంది. పట్టకపోతే పువ్వు రాలిపోతుంది, పట్టిందంటే వాడినా తొడిమని వదలదు. ఒక్క రోజు ఉండి వెళ్దామనుకున్నదాన్ని రెండో రోజూ ఆగాను. మర్నాడు మేము లేచేసరికి మునెమ్మ ఇంట్లో లేదు. పొలం గట్టు మీద నుంచే కేకలు పెడుతూ ఎదురొచ్చింది: "పట్టుకోనుండాదే! నాదీ పట్టుకోనుండాది! నీవి రెండూ పట్టుకోనుండాయి!" అరవై దాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, తడి కాళ్ళతో గంతులేసింది. మునిరత్నం కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

డబ్బా

ఆ రోజే బావి గట్టు మీద కూర్చుని ఆయన చెప్పాడు.

"నేను తాగేసినానమ్మా. నీకని పెట్టిన సీసాలు. ముందు ఒకటి, ఇంగోటి. మామిడికాయలకి రేటు లేక, కోసే కూలి కూడా రాక, తోపులోనే పారబోసిన ఏడు. యాడా అప్పు పుట్టక ఇంట్లో ఉండేది తాగినా. ఆమె సూసింది. ఏమీ అనలేదు. తెల్లారి నన్ను కాణిపాకం పిల్సుకోని పోయి, నిలబెట్టి, ప్రమాణం చేయించింది. ముట్టను, గడప దాటనీను అని. నన్నొక్కణ్ణి ఆపితే సరిపోయుండును, ఆమె సీసా కూడా గడప దాటలేకపోయింది గదా."

"ఆ మాట అది నాతో చెప్పొచ్చుగా అన్నయ్యా?"

"చెప్తే నేను తాగుబోతునని చెప్పాల. నీ మొగుడు ఎట్లాంటోడు అని నువ్వు అడుగుతావు. తీగ ఎండిపోయిందని చెప్తే అడిగే పని లేదు."

నాకు కోపం వచ్చింది. అబద్ధం ఆడినందుకు కాదు. ఒక దోసె చెరి సగం తిన్నవాళ్ళం, నాతో చెప్పుకోలేనిది దానికి ఒకటి ఉందని. కాసేపటికి ఆ కోపమూ నిలబడలేదు. ఫోన్లో కూరల గురించి అంత హడావిడిగా ఎందుకు మాట్లాడేదో ఇప్పుడు వినబడింది.

ఆయన లేచి షెడ్డులోంచి రేకు డబ్బా తెచ్చాడు. లోపల నూనె కాగితం పొట్లం. సీసా మానేసినా సుగుణ కాయలు మానలేదట. చెయ్యి పెడితే ఓర్చుకోలేనంత వేడి నీళ్ళలో కాసేపు ముంచి, కంబళిలో చుట్టి ఉడకబోయించి, రోజూ కాస్త ఎండ చూపించి మళ్ళీ చుట్టి, నీడలో ఆరబెట్టి, నెలల తరబడి డబ్బాలో మాగబెట్టేదట. అంతా నాకేనట. ఇస్తే తీగ బతికుందని తెలిసిపోతుంది. అలాగని పారెయ్యడానికి మనసొప్పలేదు. పొట్లం విప్పగానే ఆ వాసన, బావి గట్టంతా పాకింది. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా గట్టిగానే ఏడ్చాను.

సారం అక్కడే చేశాం, గడపకి దూరంగా. ఆయన కత్తితో కాయల్ని నిలువునా చీలుస్తాడు, నా అరచేతిలో పెడతాడు, నేను సీసాలో వేస్తాను. ఆయన చెయ్యి సీసాకి తగలకుండా ఇద్దరం ఎంత జాగ్రత్త పడ్డామో. బ్రాందీ మూత తీసేసరికి ఆయన లేచి దూరంగా, గాలికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"వాసన చూస్తే ప్రమాణం తప్పినట్టు కాదుగా అన్నయ్యా?" అన్నాను.

"వాసన సూస్తే ఆమె గుర్తొస్తాది. దానికి భయం లేదు. దాని ఎనకనే మందు గుర్తొస్తాది. దానికి భయం" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నాకు దొరికినది ఆయనకి దొరక్కూడదా? మునెమ్మని చక్కెర అడిగి, స్టీలు డబ్బాలో పోసి, మిగిలిన రెండు కాయలు చీల్చి లోతుగా పాతిపెట్టాను. చక్కెర మెల్లిగా ఆ వాసన పీల్చుకుంటుంది. "ఇందులో మందు చుక్క లేదు. కొన్నాళ్ళు మూత తియ్యకండి" అన్నాను. ఆయన నా వైపు, డబ్బా వైపు చూసి, "ఇది గడప దాటొచ్చా?" అని అడిగాడు. దాటొచ్చన్నాను. ఆయనే రెండు చేతులా పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళాడు.

కాణిపాకం

వెళ్ళేరోజు దర్శనానికి ఆగాను. సంచీలో సీసా ఉందిగా, గుడి బయట పూలమ్మే ఆవిడ దగ్గర పెట్టి, "ఇందులో మందుంది" అని చెప్పేశాను. ఆవిడ కించిత్తు కూడా ఉలిక్కిపడలేదు.

"మాకు అలవాటే తల్లీ. ప్రమాణానికొచ్చే మొగోళ్ళు ఆఖరి సీసా నాకాడనే పెట్టి లోపలికి పోతారు. తిరిగొచ్చి అడిగితే ఇయ్యను. నువ్వు ప్రమాణం సెయ్యకుంటే ఇస్తా."

లోపల స్వామి ఎదురుగా నిలబడి, సుగుణ ఇక్కడే నిలబడి ఉంటుంది కదా అనుకున్నాను. భర్తని కాపాడుకుంది, దానికి బదులుగా నా సీసా వదులుకుంది. నేనైనా అదే చేసేదాన్ని. ఏ ప్రమాణమూ చెయ్యకుండా బయటికొచ్చి సంచీ తీసుకున్నాను.

తిరుపతి బస్సులో మూత వదులై సంచీ అడుగు తడిసింది. బస్సంతా గుప్పుమంది. కండక్టరు నా పక్కన విభూతి పెట్టుకున్న ముసలాయన మీద విరుచుకుపడ్డాడు: "ఏమప్పా, పొద్దున్నే మొదలుపెట్టినావా?"

"నేను దర్శనం చేసుకోనొస్తా ఉండా! నన్నంటావా!" అని ఆయన లేచి నిలబడ్డాడు.

ఇక తప్పదని సీసా తీసి చూపించి సంగతి చెప్పాను. వెనక సీటు ఆవిడ ముక్కెగరేసి, "మందు వాసన కాదులే అబ్బా, ఐస్‌క్రీం మాదిరి ఉండాది" అంది. ముసలాయన కూడా వంగి వాసన చూసి, కోపం మర్చిపోయి, "బాగుండాదే" అన్నాడు. తిరుపతి దాకా ఒక్కొక్కరు వచ్చి వాసన చూసి పోయారు. కొండ ఈసారీ కిందనుంచే.

ఇంటికొచ్చాక

సీసా పప్పుల డబ్బాల వెనక, చీకట్లో ఉంది. సారం దిగాలంటే నెలలు పడుతుంది. రోజూ ఒకసారి తీసి ఊపి పెడతాను. రంగు మెల్లిగా ముదురుతోంది.

మొన్న మునిరత్నం ఫోన్ చేశాడు. కాయలు జానెడు పొడుగు సాగాయట. నేను వచ్చేశాక మునెమ్మ రోజూ తలంటుకుని, పసుపు రాసుకుని వెళ్ళి మిగతా పూలన్నిటికీ పెళ్ళిళ్ళు చేసిందట. ఇప్పుడు ఊళ్ళో వాళ్ళని పిలిచి చూపిస్తోందట.

"ఇంగోటి విజయమ్మా. పొద్దున మా అక్క ఆ డబ్బా తెరిసింది. ఆ చక్కెర కాఫీలో ఏసి ఇచ్చింది."

"ఎలా ఉంది అన్నయ్యా?"

లైను పోయిందనుకున్నాను.

"తాగలేదమ్మా. గ్లాసు సేతిలో పెట్టుకోని కూసున్నా. సల్లారిపోయింది."

"అయ్యో, వేడిగా తాగొచ్చుగా!"

"తాగేస్తే అయిపోతాది గదమ్మా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళాను. సీసా తీశాను, ఊపాను. మూత తియ్యకుండానే మళ్ళీ వెనక్కి పెట్టేశాను.